గోడ దాటిన కొమ్మ

జపాన్‌లో పూలు ఎలా ఉన్నాయని అడిగిన వాళ్ళందరికీ బాగున్నాయనే చెప్పాను. అంతకంటే చెప్పడం నాకు చేతకాదు. ఫోటోలు ఫోన్లో ఉన్నాయి. చూసినవాళ్ళు మొదటి ఫోటోకి అబ్బ అంటారు, పదో ఫోటోకి ఆవలిస్తారు. వాళ్ళ తప్పేమీ లేదు. అందుకని ఇక్కడ రాసేది పూల గురించి కొంతే. నాతో వచ్చిన మా అత్తగారి గురించి, దారిలో కలిసిన ఒకరిద్దరి గురించి ఎక్కువ.

నేను గుడివాడలో ఒక కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యాను. ఇల్లు బందరులో. నా భార్య ఉమ బందరులోనే హైస్కూల్లో బయాలజీ టీచరు. మాకు పిల్లలు లేరు. మామగారు పోయాక, నాగాయలంక దగ్గర పల్లెలో వాళ్ళమ్మ ఒక్కతే ఎందుకని ఉమ ఆవిడను మా ఇంటికి తెచ్చుకుంది. పన్నెండేళ్ళయింది. కిందటి కార్తీకంలో ఉమ పోయింది.

ఈ ప్రయాణం నిజానికి ఉమది. మందులు పనిచేస్తున్నాయని డాక్టర్లు అన్న రోజుల్లో, తల్లిని తీసుకుని వసంతంలో జపాన్ పూల పండగలు చూసి రావాలని అనుకుంది. ఏ రోజు ఏ ఊరు, ఏ గది, అన్నీ తనే చూసి పెట్టింది. "మీకు రాళ్ళూ రప్పలూ అయితే ఇష్టం గానీ పూలెందుకు? మీరు రావద్దు" అని నన్ను ముందే తీసేసింది. చివరికి తన చోట్లో నేను వెళ్ళాను.

బయల్దేరే ముందు

అత్తగారు అల్లుడి ఎదుట కూర్చోకూడదు, ఎదురుగా మాట్లాడకూడదు అనే పద్ధతిలో పెరిగిన మనిషి మా అత్తగారు. ఒకే ఇంట్లో ఇన్నేళ్ళున్నా మా ఇద్దరి మాటలూ ఉమ మీదుగానే నడిచాయి. "ఆయన్ని భోజనానికి లెమ్మనవే" అని వంటింట్లోంచి వినపడేది. నాకు స్పష్టంగా వినపడేది. అయినా ఉమ వచ్చి "లేవమంటోంది" అనేదాకా నేను లేచేవాణ్ణి కాదు. అది మా ఇంటి మర్యాద.

ఉమ పోయాక మధ్యలో మనిషి లేకుండా పోయింది. ఆవిడ కంచం పెట్టి, గిన్నె అంచు మీద గరిటెతో చిన్నగా తట్టేది. నేను లేచేవాణ్ణి.

ఆవిడకు ఇంకో అలవాటు ఉంది. బందరులో అది చాలామందికి ఉన్నదే. తెల్లవారకముందే లేచి, చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు పట్టుకుని, వీధిలో ఎవరి గోడ మీంచి ఏ కొమ్మ బయటికి వంగితే ఆ కొమ్మ పూలు కోసుకొచ్చి పూజ చేసుకునేది. నందివర్ధనాలు, మందారాలు, గన్నేరు. ఉమకు అది గిట్టేది కాదు.

"అడక్కుండా కోస్తే దొంగతనమే అమ్మా."

"దేవుడికి కోస్తే దొంగతనం ఏంటే? గోడ దాటిన కొమ్మ దేవుడిది."

"పువ్వంటే చెట్టు సంసారం. రోజూ పొద్దున్నే వెళ్ళి ఊరందరి సంసారాలూ చెడగొట్టి వస్తున్నావ్."

ఈ గొడవ పన్నెండేళ్ళు జరిగింది. ఇద్దరూ ఓడిపోలేదు.

ఉమ పోయాక ఆవిడ కవరు పట్టుకుని బయటికి వెళ్ళడం మానేసింది. పూజ మానలేదు. పెళ్ళయిన కూతురు పోతే తల్లికి మైల మూడు రోజులేనని పురోహితుడు చెప్పాడు. నాలుగో రోజు నుంచి దీపం పెట్టింది. కానీ పువ్వు పెట్టాల్సిన చోట అక్షతలు వేసేది. పూలు దొరకనప్పుడు 'పుష్పార్థం అక్షతాన్ సమర్పయామి' అంటారు కదా, ఆ వీలు వాడుకుంది. పక్కింటి రాజ్యలక్ష్మిగారి నందివర్ధనం మా గోడ మీదికే వాలి, పూసి, రాలుతుండేది. ఆవిడ దానివైపు చూసేది కాదు.

ప్రయాణం మానేద్దామని నేను అనుకుంటున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం వంటింటి గుమ్మంలో నిలబడి గోడతో అంటున్నట్టు అంది.

"అది వెళ్దామంది కదా. వెళ్ళొస్తే ఒక మాట నిలబడుతుంది. వచ్చాక నేను మా ఊరు వెళ్ళిపోతాను. మా మరిది గది ఇస్తానన్నాడు. కూతురు లేని ఇంట్లో అల్లుడి చేత వండించుకు తినేదాన్నా?"

వండేది ఆవిడే. ఆ మాట అనలేదు నేను. మీరు వెళ్ళొద్దని కూడా అనలేదు. అలాంటి మాట ఆవిడతో నేరుగా ఎలా అనాలో నాకు తెలియదు.

ఏడాది తిరక్కుండా పండగలేమిటని బంధువులు గొణిగారు. ఆ ఏడు ఉగాది పచ్చడి కూడా చేసుకోని ఇల్లు మాది. ఇది మన పండగ కాదు కదా అని ఒక తెలివైన జవాబు చెప్పి బయటపడ్డాను.

టోక్యో: సమాధుల మధ్య

మేం వెళ్ళేసరికి టోక్యోలో పూలు రాలడం మొదలైంది. ఉమ రాసుకున్న మొదటి చోటు యనాకా. అక్కడ చెర్రీ చెట్ల బాట చాలా బాగుంటుందని విన్నదట. ఆ బాట ఒక శ్మశానం మధ్యలోంచి వెళ్తుందన్న సంగతి అక్కడికి వెళ్ళేదాకా మాకు తెలియదు.

అత్తయ్యగారు చీర మీద స్వెట్టరు, మేజోళ్ళ మీద చెప్పులు వేసుకుని నా వెనక నాలుగడుగుల దూరంలో నడుస్తోంది. రెండు పక్కలా రాతి సమాధులు. వాటి మీద, బాట మీద తెల్లటి రేకులు. పిల్లల్ని బండిలో తోసుకుంటూ తల్లులు, కుక్కల్ని తిప్పుతూ ముసలివాళ్ళు. ఎవరి మొహంలోనూ శ్మశానం లేదు.

ఒకచోట నా వయసు మనిషి చొక్కా చేతులు మడిచి సమాధి రాయిని కడుగుతున్నాడు. చెక్క గరిటెతో బకెట్లో నీళ్ళు ముంచి పైనుంచి పోసి, గుడ్డతో తుడిచాడు. రెండు వైపులా పూలు గుచ్చాడు. సంచిలోంచి డబ్బాలో అమ్మే తాగే కాఫీ ఒకటి తీసి, దాని మూత తెరిచి, రాయి ముందు పెట్టాడు. తర్వాత పక్కనున్న బల్ల మీద కూర్చుని తన భోజనం విప్పి తినడం మొదలుపెట్టాడు.

"అయ్యో, ఇక్కడ తింటున్నాడేంటండీ ఆయన!"

నేను వెనక్కి తిరిగి చూశాను. ఆవిడ నా మొహంలోకి చూస్తూ అడిగింది. గోడ లేదు, గుమ్మం లేదు. ఆశ్చర్యంలో మర్యాద మర్చిపోయినట్టుంది. గుర్తు రాగానే తల దించుకుంది.

ఆయనకు కాస్త ఇంగ్లీషు వచ్చు. మమ్మల్ని చూసి లేచి వంగి నమస్కరించి, బల్ల మీద చోటిచ్చాడు. సమాధి వాళ్ళమ్మదట. ఏటా పూలు పూసినప్పుడు ఒక పూట ఇక్కడే తింటాడట.

"అమ్మకు ఒక్కతే కూర్చుని తినడం ఇష్టం ఉండేది కాదు" అన్నాడు.

అది తెలుగులో చెప్పాను. ఆవిడ సమాధి వైపు చూసింది.

"కాఫీ డబ్బా మూత తీసి పెట్టాడు, చూశారా" అంది.

ఆయన మా ఇద్దరికీ చెరో పుల్ల ఇచ్చాడు. గులాబీ, తెలుపు, ఆకుపచ్చ రంగుల్లో మూడు బియ్యప్పిండి ఉండలు గుచ్చిన పుల్ల. నేను తిన్నాను. ఆవిడ పట్టుకుని ఉంది. శ్మశానంలో నోట్లో ఏదీ వేసుకోదు, ఇచ్చినాయన్ని కాదనలేదు. గేటు దాటేదాకా ఆ పుల్ల నిలువుగా పట్టుకునే నడిచింది. గదికి వెళ్ళి తలస్నానం చేసి, అప్పుడు తింది.

"చప్పగా ఉంది. కానీ పిండి బాగా రుబ్బారు."

పసి బుద్ధుడికి స్నానం

ఏప్రిల్ ఎనిమిదిన అక్కడ బుద్ధుడి పుట్టినరోజు. దాన్ని పూల పండగ అంటారు. మా గది దగ్గర సందులోనే ఒక చిన్న గుడి ఉంది. గుమ్మం ముందు జానెడు మండపం కట్టి, దాని కప్పు కనపడకుండా పూలు కప్పారు. లోపల చిన్న గిన్నెలో వేలెడంత కంచు బుద్ధుడు, అప్పుడే పుట్టిన బిడ్డ, ఒక చెయ్యి పైకెత్తి నిలబడి ఉన్నాడు. వచ్చినవాళ్ళు చిన్న గరిటెతో ఆ బిడ్డ తల మీద తేనీరు పోసి దండం పెడుతున్నారు.

ఘంటసాల ఊళ్ళోని బౌద్ధ స్తూపం దగ్గరికి నేను ఏటా విద్యార్థుల్ని తీసుకెళ్ళేవాణ్ణి. మన కృష్ణ ఒడ్డున ఆ మతం ఎలా వెలిగిందో, ఎలా వెళ్ళిపోయిందో చెప్పేవాణ్ణి. వెళ్ళిపోయింది అనే మాట బోర్డు మీద రాయడం సులువు. వెళ్ళినచోట ఇంకా పుట్టినరోజు చేస్తున్నారని పుస్తకాల్లో చదివాను. వరసలో నిలబడటం ఇదే మొదటిసారి.

అత్తయ్యగారి వంతు వచ్చింది. కుడిచేత్తో గరిటె ముంచింది. ఎడమచేతి వేలు బుద్ధుడి నుదుటి మీద అడ్డంగా పెట్టింది. అప్పుడు వెనకనుంచి పోసింది. మన ఇళ్ళల్లో పసిపిల్లలకు నీళ్ళు పోసేటప్పుడు కళ్ళల్లోకి పోకుండా పెడతారే, అలా.

పూజారి చూస్తున్నాడు. విగ్రహాన్ని ముట్టుకోవచ్చో లేదో నాకు తెలియదు. "అత్తయ్యా, చెయ్యి..." అన్నాను మెల్లిగా.

"కళ్ళల్లోకి పోతుంది కదండీ" అంది.

పూజారి తల ఊపాడు. తాగడానికి అదే తేనీరు చిన్న కప్పుల్లో ఇచ్చారు. చక్కెర లేకుండానే తియ్యగా ఉండే ఏదో ఆకుతో కాస్తారట. ఆవిడ కప్పులోంచి అరచేతిలో పోసుకుని, తీర్థంలా తాగి, తడిచెయ్యి తలకి రాసుకుంది. పక్కన ఉన్న నాలుగేళ్ళ పిల్ల అది చూసి తనూ చేతిలో పోసుకుని తాగి తలకి రాసుకుంది. ఆ పిల్ల తల్లికి జుట్టు తుడవడం పని పడింది.

దారిలో ఆవిడ తనలో తాను అనుకున్నట్టు, "దానికి నీళ్ళు పోస్తే ఏడ్చేది కాదు. నవ్వేది" అంది. బుద్ధుడి గురించి కాదు.

ఆ సాయంత్రం గదిలో దీపం బదులు చిన్న బ్యాటరీ దీపం వెలిగించి, వెంట తెచ్చుకున్న వెంకటేశ్వరస్వామి బొమ్మ ముందు అక్షతలు వేసింది. ఊరంతా పూలే. ఆవిడ వేసినవి అక్షతలే.

క్యోటో: తిండి సంగతులు

మాంసం తినని వాళ్ళకు జపాన్ కష్టమని అందరూ చెప్పారు. నిజమే. నూడుల్స్‌లో చేప లేదని దుకాణంలో ప్రమాణం చేసి చెప్పారు. గిన్నె బల్ల మీద పెట్టగానే అత్తయ్యగారు ముక్కు ఎగబీల్చి, "గిలకలదిండి గాలి" అంది. గిలకలదిండి చేపల రేవు పక్కన, బందరులో ఉన్నవాళ్ళకు ఎండుచేప వాసన ఎవరూ నేర్పక్కర్లేదు. రసం దానితోనే కాస్తారట. వాళ్ళ దృష్టిలో అది చేప కాదు, రుచి.

ఆ తర్వాత గదిలోనే వండుకున్నాం. అక్కడి బియ్యం ముద్ద కడుతుంది. "కొత్త బియ్యం అన్నంలా ఉంది, మా ఊళ్ళో పంట ఇంటికొచ్చిన నెలలో తినేది ఇలాగే ఉండేది" అని ఆవిడ సంతోషంగానే తింది, కందిపొడితో, గోంగూరతో. స్ట్రాబెర్రీలు చిన్న పెట్టె మన లెక్కలో నాలుగు వందలు. ఒక్కో పండు విడిగా గూట్లో కూర్చోబెట్టి ఉంది. సమాధి దగ్గర పెట్టే పూలకట్ట మూడు వందల యాభై. "మల్లెపూలు మూర ముప్పై అంటే గుడివాడ స్టేషన్లో ఉమ బేరమాడేది" అన్నాను. "ఇరవైకి తెచ్చేది" అంది ఆవిడ. అలా, మాటలు వస్తున్నాయి. ఉమ మీదుగానే.

చెర్రీ ఆకు చుట్టిన మిఠాయి ఒకటి ఉంది. లోపల ఎర్రటి బొబ్బర్ల పూర్ణం, బయట ఉప్పులో ఊరిన ఆకు. ఆవిడ ఆకులు ఒలిచి పక్కన పెట్టి తింది. అమ్మినామె పరుగున వచ్చి ఆకు కూడా తినాలని సైగ చేసింది. ఆవిడ కొరికి చూసి, "బాగుందే! తీపికి ఉప్పు పట్టించారు" అని, పక్కన పెట్టిన ఆకులన్నీ తినేసింది. మనం వసంతంలో వేపపువ్వు తింటాం, వీళ్ళు చెర్రీ ఆకు తింటారు. చేదుకు బదులు ఉప్పు. నేను అక్కడ గమనించిన పెద్ద చరిత్ర ఇంతే.

గోడ మీది కొమ్మ

క్యోటోలో మామూలు చెర్రీ పూలు అయిపోయాయి. ఆలస్యంగా పూసే రకం మిగిలింది. రేకుల మీద రేకులతో, మన ముద్దనందివర్ధనంలా, లేత గులాబీ రంగులో ఉంటుంది.

పొద్దున్నే ఇద్దరం నడకకు వెళ్ళాం. ఇరుకు సందు, చెక్క ఇళ్ళు, ఎవరూ లేరు. ఒక ఇంటి గోడ మీంచి పూలకొమ్మ బయటికి వంగి ఉంది. నేను ముందు నడుస్తున్నాను. వెనక చిన్న చప్పుడు వినపడింది. ఎండుపుల్ల విరిగితే వచ్చే చప్పుడు కాదు, పచ్చిది విరిగితే వచ్చేది.

తిరిగి చూశాను. ఆవిడ ఎడమచేత్తో కొమ్మ వంచి పట్టుకుని ఉంది. కుడిచేతిలో జానెడు రెమ్మ, నాలుగు పూలతో. ఆ రెమ్మను తనే వింతగా చూస్తోంది. కార్తీకం తర్వాత ఆవిడ చెయ్యి చెట్టు మీదికి వెళ్ళడం నేను చూడటం అదే మొదలు. నాకు భయమూ సంతోషమూ ఒకేసారి కలిగాయి. ఏది ముందో చెప్పలేను.

గేటు తెరుచుకుంది. చేతిలో చీపురుతో ఒక ఇల్లాలు బయటికి వచ్చింది. మా అత్తగారి వయసే. రెమ్మను చూసింది, విరిగిన చోటు చూసింది, మమ్మల్ని చూసింది. వాళ్ళ దేశంలో చెర్రీ కొమ్మ విరవడం ఎంత తప్పో నేను చదువుకున్నాను. నాకు వచ్చిన ఒక్క క్షమాపణ మాటనే మళ్ళీ మళ్ళీ చెప్పాను. ఆమె నవ్వలేదు. కోప్పడనూ లేదు. లోపలికి వెళ్ళింది.

"పోలీసులకు ఫోన్ చేస్తుందంటారా?" అంది అత్తయ్యగారు.

"ఏమో."

"మీకేం భయం లేదు. కోసింది నేనని చెప్పండి."

ఆమె ఒక ఫోను, ఒక నారింజరంగు ట్యూబు పట్టుకుని వచ్చింది. ఫోన్లోకి ఏదో చెప్పింది. ఫోను పాత రేడియో వార్తల తెలుగులో చదివింది. "చెర్రీ చెట్టు విరిగిన చోట కుళ్ళిపోవును. దయచేసి కొమ్మను పట్టుకొనండి. నేను మందు పూసెదను."

అత్తయ్యగారు ముందుకు వెళ్ళి రెండు చేతులతో కొమ్మ వంచి పట్టుకుంది. ఆ ఇల్లాలు చిన్న కత్తితో విరిగిన చోటు చదును చేసి, ట్యూబులోంచి మందు పిండి, వేలితో దట్టంగా పూసింది.

"ఇది పేడండీ!" అంది మా అత్తగారు.

"పేడ కాదు అత్తయ్యా, ఏదో మందు."

"అదే అంటున్నా. మునక్కొమ్మ నరికితే మనం చివర పేడ ముద్ద పెడతాం కదా, నీరు దిగకుండా. అదే ఇది. చెప్పండి ఆవిడకి."

ఫోన్లో చెప్పాను. ఫోను జపాన్ భాషలో ఆవుపేడ గురించి ఏం చెప్పిందో తెలియదు. ఆ ఇల్లాలు మొదట ఆగిపోయింది. తర్వాత ట్యూబు వైపు చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. అప్పుడు అడిగింది. "పూలు ఎవరి కొరకు?"

దేవుడికి అని చెప్తుందనుకున్నాను. పన్నెండేళ్ళ జవాబు అదే కదా.

"మా అమ్మాయికి" అంది అత్తయ్యగారు.

అమ్మాయి ఎక్కడ అని ఫోను అడగలేదు. ఆమె మా ఇద్దరి మొహాలూ చూసింది. రెమ్మ తీసుకుని కింది భాగం తడికాగితంలో చుట్టి తిరిగి ఇచ్చింది. మరుసటి రోజు దగ్గరి గుడిలో గొడుగు పండగ ఉందని, జబ్బులు రాకుండా చేస్తుందని, రమ్మని చెప్పింది. చీపురు తీసుకుని, మా కాళ్ళ దగ్గర రాలిన రేకులు ఊడ్చుకుంటూ వెళ్ళిపోయింది.

గదికి వచ్చాక అత్తయ్యగారు రెమ్మను నీళ్ళ గ్లాసులో పెట్టి కిటికీలో ఉంచింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. నా ఎదురుగా.

"ఉమ ఉంటే చంపేసేది నన్ను" అంది.

"విమానం ఎక్కించి పంపించేసేది."

"పరాయి దేశం వచ్చి కూడా బుద్ధి మారలేదా అమ్మా, అనేది." నవ్వుతూనే ఉంది. నవ్వులోనే కళ్ళు తుడుచుకుంది. తర్వాత అడిగింది. "ఆ రోజు మన వీధిలో వాళ్ళందరూ పూలు తెచ్చారు, గుర్తుందా మీకు?"

ఉంది. పళ్ళేలతో తెచ్చారు.

"నేను అడక్కుండా కోసుకునే చెట్లవే అన్నీ. ఎవరి గోడ మీద ఏ పువ్వు ఉంటుందో నాకు తెలుసు కదండీ. ఇది రాజ్యలక్ష్మి నందివర్ధనం, ఇది మూలింటి గన్నేరు, ఇది మాస్టారి ఎర్రమందారం... అన్నీ దాని మీద. ఒక్కటి కూడా గుర్తుపట్టకుండా ఉండలేకపోయాను. ఇక ఆ చెట్ల దగ్గరికి ఎలా వెళ్ళను? మా ఊళ్ళో ఉప్పెన వచ్చాక నేలంతా ఉప్పు పట్టి రెండేళ్ళు పూలు లేవు. అప్పుడు అక్షతలే వేసుకున్నాం. దేవుడు ఏమనలేదు. ఇప్పుడూ అనడులే అనుకున్నాను."

టీ పెట్టి తెచ్చి ఇచ్చాను. నా చేతి టీ ఆవిడ తాగడం అదే మొదటిసారి. పంచదార ఎక్కువైందని చెప్పింది.

గొడుగు కింద

మర్నాటి పండగ యసురాయి. పూలు రాలే రోజుల్లో వాటితోపాటే జబ్బుల దయ్యాలు గాలిలో చెదిరి ఊళ్ళో పడతాయని వాళ్ళ పాత నమ్మకం. అందుకని పెద్ద ఎర్రగొడుగు మీద పూలు అలంకరించి, డప్పులు కొడుతూ, ఎర్రజుట్టు నల్లజుట్టు విరబోసుకున్న దయ్యాల వేషాలు ఎగురుతుండగా వీధులు తిప్పుతారు. దయ్యాలు పూలకు ఆశపడి గొడుగులోకి చేరతాయి. వాటిని గుడికి తీసుకెళ్ళి అప్పగిస్తారు. జాతరలో అమ్మవారిని డప్పులతో పొలిమేర దాటించడం చూసినవాళ్ళకు కొత్తగా ఏమీ అనిపించదు.

దారిలో గొడుగు ఆగినచోట జనం దాని కిందికి వెళ్ళి నిలబడుతున్నారు. అలా నిలబడితే ఆ ఏడాది జబ్బు రాదట. పసిపిల్లల్ని ఎత్తుకుని తల్లులు, చేతికర్రలతో ముసలివాళ్ళు వెళ్తున్నారు. నిన్నటి ఇల్లాలు ఆ గుంపులోంచి మమ్మల్ని చూసి చెయ్యి ఊపింది. కిందికి రమ్మని.

"వెళ్ళండి అత్తయ్యా" అన్నాను.

"నాకెందుకండీ? రావలసిన వయసు నాది. నాకు రాకుండా దానికి వచ్చింది. ఇంకా నాకు గొడుగు పట్టడం ఎందుకు?"

అన్నాక నావైపు చూసింది. కొత్తగా ఏదో తోచినట్టు చూసింది.

"మీరు వెళ్ళండి. మీకు బీపీ ఉంది."

"నేను ఇలాంటివి నమ్మను."

"నమ్మద్దు. నిలబడండి."

నేను కదల్లేదు. ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ ముట్టుకోని మనిషి గట్టిగా పట్టుకుని జనంలోంచి లాక్కెళ్ళి గొడుగు కింద నిలబెట్టింది. వదిలేసి బయటికి పోబోయింది. వెనకనుంచి జనం నెట్టారు. పోలేకపోయింది. ఇద్దరం కిందే ఉన్నాం. నెత్తిమీద పూలు, చెవుల్లో డప్పులు. ఆవిడ నా చొక్కా చెయ్యి వదల్లేదు.

బయటికి వచ్చాక, "అయిపోయింది. ఏడాది దాకా మీకు ఢోకా లేదు" అంది.

"మీకూ లేదు" అన్నాను.

ఆవిడ నెత్తిమీద పడ్డ రేకు ఒకటి దులుపుకుంది.

బందరు

బందరు చేరేసరికి ఎండలు ముదిరాయి. ప్రయాణంలో ఊరు వెళ్ళే సంగతి ఎత్తలేదు కానీ, ఇంటికి రాగానే ఆవిడ మరిది ఫోన్ చేశాడు. గదికి సున్నం వేయించాడట. ఆవిడ ఊఁ, ఊఁ అంది. నేను పక్కగదిలో విన్నాను. సూట్‌కేసు విప్పలేదు, గోడకి ఆనించి పెట్టింది.

మర్నాడు పొద్దున్నే లేచేసరికి వీధి తలుపు గడియ తీసి ఉంది. సూట్‌కేసు గోడ దగ్గర ఉంది. నేను వీధి గుమ్మంలోకి వెళ్ళాను.

ఆవిడ రాజ్యలక్ష్మిగారి గేటు ముందు నిలబడి ఉంది. చేతిలో ప్లాస్టిక్ కవరు. ఆవిడ నెత్తి మీదే కొమ్మ నిండా నందివర్ధనాలు. చెయ్యి ఎత్తడం లేదు. గేటు మీద తట్టింది.

రాజ్యలక్ష్మిగారు ముగ్గు చిప్పతో బయటికి వచ్చింది.

"పిన్నిగారూ! ఎప్పుడొచ్చారండీ? జపాన్ ఎలా ఉంది?"

"బానే ఉందమ్మా. నాలుగు పూలు కోసుకోనా?"

రాజ్యలక్ష్మిగారు ఆవిడ మొహం కేసి చూసి, పగలబడి నవ్వింది.

"ఇదేం చోద్యం పిన్నిగారూ! పన్నెండేళ్ళ నుంచీ అడిగి కోసుకున్నారా ఏంటి? మీ కోసమే కదా ఆ కొమ్మని ఇటు వదిలేసింది. కోసుకోండి. ఇన్నాళ్ళూ రాలి ఊడ్చలేక చస్తున్నాను."

ఉమ పన్నెండేళ్ళు పోట్లాడింది ఆ ఒక్క మాట అడగమనే.

ఆవిడకు కొమ్మ అందలేదు. ప్రయాణంలో నడుం పట్టేసినట్టుంది. చుట్టూ చూసి, గుమ్మంలో నిలబడ్డ నన్ను చూసింది.

"అల్లుడుగారూ, ఇటు రండి. ఈ కొమ్మ వంచి పట్టుకోండి. మెల్లిగా, విరవకండి."

వెళ్ళి పట్టుకున్నాను. ఆవిడ ఒక్కొక్క పువ్వునూ తొడిమ దగ్గర గోటితో తుంచి కవరులో వేసింది. అందినంత మేర కోసింది. ఒక చివర తెల్లటి మొగ్గ ఒకటి విచ్చడానికి సిద్ధంగా ఉంది. అది కొయ్యబోతోందేమోనని నేను కొమ్మను ఇంకాస్త కిందికి వంచాను.

"దాన్ని వదిలెయ్యండి" అంది. "రేపు కోద్దాం."